ఒళ్లో నీళ్ల క్యాను

కృష్ణ ఎండిపోయిన వేసవి అది. గద్వాల నుంచి రాయచూరు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి పెద్ద నీళ్ల క్యానును ఒళ్లో పెట్టుకున్నాడు.

"రాయచూరు దాకా ఇన్ని నీళ్లెందుకయ్యా?" అన్నాను.

"మంగుళూరు పోవాలె సారూ. కృష్ణల పుట్టి ఏసుకొని చేపలు పట్టేటోన్ని. ఏరెండితే సముద్రంల బోటెక్కిన. మొదటి దినం ఎంట నీళ్లు తీస్కపోలె. ఏట్ల దూపైతే దోసిలి ముంచి తాగుడే గద! సముద్రం ఉప్పని తెల్సు, గని మోసుకపోయే అలవాటేడిది? దూపకు చెయ్యి దానంతటదే మునిగింది. తాగి కక్కిన. బోటోళ్లు పడి పడి నవ్విన్రు. బతిమాలితే మూతెడు నీళ్లిచ్చిన్రు, దినమంతకు."

నేనూ నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

"మళ్లీ వాళ్ల దగ్గరికేనా?"

"ఇంకేడికి పోవాలె? నాకొచ్చిన పని గదొక్కటే."

ఎండ ముదిరింది. నా సీసా ఖాళీ అయింది. ఆయన్ని అడగడానికి మొహం చెల్లలేదు. ఆయనే సీసా అందుకుని నిండా పోశాడు.

"నవ్వినంక దూప ఎక్కువైతది, తాగు సారూ."

ఆనాటి డైరీలో బస్సు వేళ, క్యాను, ఆయన మాటలు అన్నీ ఉన్నాయి. నా నవ్వు మాత్రం లేదు.