ర్యాపర్ వాళ్ల నాన్న నిద్ర

కరీంనగర్‌లో మా రేడియోకి వచ్చే ర్యాపర్లను, చిన్న చిన్న బ్యాండ్ల వాళ్లను ఇంటర్వ్యూ చేయడం నా పని. "కెరీర్ ఎలా మొదలైంది?" అని అడిగీ అడిగీ నాకే విసుగొచ్చేసింది. ఈ మధ్యాహ్నం కూడా నీరసంగానే మైకు ముందు కూర్చున్నాను.

వచ్చినతను నస్పూర్ అనే బొగ్గుగనుల ఊరి ర్యాపర్, ఇరవై ఆరేళ్లుంటాయి. రేడియోలో ఇదే మొదటిసారని వాళ్ల నాన్న కూడా తోడొచ్చారు. ఆయన బొగ్గుబావిలో పనిచేస్తారు. లైవ్‌లో పాట మొదలయ్యేసరికి, అద్దం అవతల బెంచీ మీద గోడకు తల ఆనించి నిద్రపోయారు.

పాట అయ్యి ప్రకటనలు వస్తుంటే, "బాపును లేపనా తమ్ముడూ?" అన్నాను.

"వద్దక్కా. నైట్ షిఫ్ట్ దిగి సీదా బస్సెక్కిండు. గా పాట రాసిందే బాపుకు నిద్ర లేదని. జర పండనియ్యి."

కెరీర్ గురించి ఇక అడగబుద్ధి కాలేదు. మిగిలిన టైమంతా వాళ్ల నాన్న గురించే మాట్లాడించాను.

ప్రోగ్రాం అయ్యాక ఆయన ఉలిక్కిపడి లేచారు. "జర కన్ను వట్టింది బిడ్డా. మావోడు మంచిగ మాట్లాడిండా?"

"మస్తు మాట్లాడిండు కాకా. పాట మీరే ఇనలే."

"ఇననిదా అది? పగటిపూట నేను పండంగనే ఇంట్ల గదే పాట మొదలువెడ్తడు. ఇగ నాకు నిద్రేడికెళ్లి వస్తది?"

కొడుకు తల దించుకున్నాడు. నాకు నవ్వాగలేదు. తర్వాత తెలిసింది, ఆయనకు ఈ రాత్రి మళ్లీ డ్యూటీ అట. మీరైతే ఆయన్ని లేపేవాళ్లా?