వెన్ను లోపలి పేరు

బైండింగు షాపులో ఆమెను అందరూ సూదక్క అనేవాళ్ళు. షాపు పెద్దాయన ఆమెకు తండ్రి వయసువాడు, ఆయనకూ ఆమె సూదక్కే. ఇరవై ఆరేళ్ళుగా కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని పుస్తకాలు కుడుతోంది. అచ్చయిన కాగితాలు పదహారేసి పేజీల మడతలుగా వస్తాయి. ఆ మడతను ఫారం అంటారు. ఫారాలు వరసలో పెట్టి, దారంతో కుట్టి, వెన్నుకు జిగురు రాసి అట్ట వేస్తే పుస్తకం. చెప్పడానికి ఇంతే, కుట్టేవాళ్ళ వేళ్ళనడిగితే వేరే కథ చెబుతాయి.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. వెన్ను మీద అంటించే కాగితం పట్టీ మీద, అట్ట వేసే ముందు, కుట్టినవాళ్ళు పెన్సిల్‌తో తమ గుర్తు వేయాలి. రేపు దారం ఊడి పుస్తకం తిరిగొస్తే ఎవర్ని తిట్టాలో పెద్దాయనకు తెలియాలి కదా! సూదక్క గుర్తు ఒక సూది, పక్కన మూడు చుక్కలు. ఇన్నేళ్ళలో ఆమె తిట్లు తిన్నది రెండుసార్లే. రెండోసారి తప్పు జిగురుదేనని ఇప్పటికీ వాదిస్తుంది.

కూతురికి ఏడేళ్ళప్పుడు కాలు విరిగింది. ఆ పిల్లను నెలన్నర పాటు మంచం మీద కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు. అప్పుడు సూదక్క షాపులో కత్తిరించి పారేసే కాగితాలు తెచ్చి, కథ రాసి, బొమ్మలు గీసి, ముప్పై రెండు పేజీల బుల్లి పుస్తకం కుట్టిచ్చింది. అందులో పదిహేడో పేజీ అలుగుతుంది. పుస్తకం మూసినప్పుడల్లా పదహారో పేజీ మొహానికి మొహం ఆనించి పడుకోవడం తన వల్ల కాదంటూ దిగి వెళ్ళిపోతుంది. పదహారో పేజీలో గుర్రమెక్కిన రాజుగారు పద్దెనిమిదో పేజీలో స్నానం చేస్తుంటాడు. గుర్రం ఏమైందో ఎవరికీ తెలియదు. పిల్ల కట్టుకాలు మరిచిపోయి నవ్వేది.

కూతురు పెద్దదై ఉద్యోగంలో చేరాక ఓ రోజు పెట్టె సర్దుతూ ఆ పుస్తకం బయటికి తీసింది.

"అమ్మా, దీన్ని అచ్చేయిద్దామే."

"నాది ఎవరు చదువుతారే?"

"నేను చదవలా?"

సూదక్క పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని పిల్లల పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థకు వెళ్ళింది. గుమ్మం దగ్గర బల్ల వెనకున్న మనిషి చేతిలో పెట్టి వచ్చేసింది. వేలకొద్దీ కాపీలు చేతుల్లో తిప్పే మనిషి, తన కథకు ఒక్క కాపీ అట్టేపెట్టుకోలేదు. ఇచ్చినట్టు కాగితం అడగలేదు. అన్నిటికన్నా ఘనకార్యం, పుస్తకం మీద ఎక్కడా పేరు రాయలేదు. వెన్ను లోపల గుర్తు వేసింది కదా, ఇంకేం కావాలి? మన గుర్తు ఉండాల్సిన చోటు అదేనని ఆమె చేతులకు అలవాటైపోయింది.

ఏడాది దాటినా కబురు లేదు. వెళ్ళి అడగడానికి మొహమాటం. నచ్చలేదేమోలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఒక పొద్దున కొత్త ఫారాలు వచ్చాయి. రెండో ఫారం పదిహేడో పేజీతో మొదలవుతుంది, మడత సరిచూడాలంటే ముందు కంటపడేది అదే. "పదిహేడో పేజీ అలిగింది" అని ఉందక్కడ. సూదక్క గబగబా మొదటి ఫారం తీసింది. 'కథ, బొమ్మలు' అని అచ్చేసి, కింద ఎవరో చిత్రకారుడి పేరు. ఫారాలన్నీ పక్కకు నెట్టింది.

"బాబాయ్ గారూ, ఇది నేను కుట్టను."

పెద్దాయన కళ్ళజోడు మీదుగా చూశాడు. "రెండు వేల కాపీలు ఎల్లుండికి ఇవ్వాలి."

"ఇది నా కథండీ."

"నువ్వు కథలు రాస్తావా?"

"ఒక్కటే రాశాను. ఇదే అది. చేత్తో రాసిన పుస్తకం వాళ్ళ దగ్గరే ఉంది."

ఆయన కాసేపు గొణిగాడు. పాత గిరాకీ అన్నాడు, గొడవెందుకన్నాడు. ఆమె సూదిని గుడ్డలో గుచ్చి, చేతులు కట్టుకుని కూర్చుంది. చివరికి ఆయన అడిగాడు.

"దాన్ని కుట్టిందెవరు?"

"నేనే."

"గుర్తు వేశావా?"

"వేశాను."

"ఐతే పద," అంటూ సన్న కత్తి జేబులో వేసుకున్నాడు.

ప్రచురణ సంస్థ నడిపే ఆవిడ నెమ్మదస్తురాలు. బీరువాలోంచి బుల్లి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. పేరు లేని కథ, ఎవరైనా వస్తారేమోనని ఏడాది చూశారట. కొత్త బొమ్మలు వేయమని ఇస్తే చిత్రకారుడు నాలుగు మాటలు మార్చాడు, ఇక ఆయన పేరే వేసేశారు.

"తప్పే. కానీ ఇది మీదని నేనెలా నమ్మనండీ?"

"వెన్ను విప్పి చూడండి. పట్టీ మీద ఒక సూది, మూడు చుక్కలు ఉంటాయి," అంది సూదక్క. "పట్టీ మా అమ్మాయి లెక్కల పుస్తకంలోంచి చించింది. ఆరో ఎక్కం ఉంటుంది. ఆరు ఎనిమిదులు నలభై ఆరని తప్పు రాసింది."

పెద్దాయన కత్తి తీస్తే ఆమె లాక్కుంది. ఈ పుస్తకాన్ని ఇంకొకరు కోస్తే ఆమె తట్టుకోలేదు. కూతురు గుండెల మీద పెట్టుకుని నిద్రపోయిన పుస్తకం అది. అట్ట ఊడింది. సూది, చుక్కలు, వాటి కింద పిల్ల రాత. ఆరు ఎనిమిదులు నలభై ఆరు.

ఆవిడ ఆ ఎక్కాన్ని వేలితో తడిమి చూసింది. తర్వాత కలం తీసింది. "మొదటి ఫారం మళ్ళీ అచ్చేయిస్తాను. ఆయనది బొమ్మల వరకే. మీ పేరు చెప్పండి."

సూదక్క చెప్పింది. పెద్దాయన గిరుక్కున తిరిగాడు.

"ఇదా నీ పేరు?"

"పుట్టినప్పట్నుంచీ ఇదే బాబాయ్ గారూ."

సంస్థ ఇచ్చిన ఒప్పందం కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని కూతురితో చదివించుకుంది. కథ మీద హక్కులన్నీ సంస్థవేనని ఉన్న వాక్యం దగ్గర కూతురు ఆగింది. మర్నాడు వెళ్ళి, ఈ ముద్రణ మీది, కథ నాది అని సూదక్క మార్పించుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మూడు జిరాక్సులు తీయించింది. ఒకటి బీరువాలో, ఒకటి కూతురి దగ్గర, ఒకటి పెద్దాయన సొరుగులో.

రెండు వేల కాపీలూ తనే కుట్టింది. అట్టలు వేయడం అయిన సాయంత్రం పెద్దాయన ఒకటి తెరిచి, పేరు పైకి చదివాడు. మళ్ళీ చదివాడు.

మర్నాడు పొద్దున ఆమె కిటికీ పక్కన సూదిలో దారం ఎక్కిస్తుంటే, పెద్దాయన లోపలి గదిలోంచి ఆ పేరు పెట్టి పిలిచాడు. ఆమె పలకలేదు. ఇంకెవర్నో అనుకుంది.