నా కొలతల కవచం

ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం మొదలయ్యే ముందు వేసవి సెలవుల్లో నస్పూర్‌లో మా ఇంటి వెనక వరండాలో కూర్చుని నేనొక కవచం చేశాను. సూపర్ హీరోలు వేసుకుంటారే, తల నుంచి మోకాళ్ళ దాకా, అలాంటిది. చూడటానికి ఇనుములా ఉంటుంది కానీ అంతా ఫోమ్. మా చుట్టాల్లో ఆ కవచం తెలియనివాళ్ళు తక్కువ. చేసింది నేనని తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. అందుకే రాస్తున్నాను.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. ఆయన షిఫ్టుకు పోయేముందు టోపీ, బూట్లు, నడుముకు బెల్టు ఒక్కొక్కటే తొడుక్కుంటుంటే గడపలో కూర్చుని చూసేదాన్ని. అప్పటిదాకా చాయ్‌లో చక్కెర ఎక్కువైందని అవ్వతో, అంటే మా అమ్మతో, కొట్లాడిన మనిషి, అవన్నీ తొడుక్కునేసరికి ఎవరో పెద్దమనిషిలా కనిపించేవాడు. అలా తొడుక్కుని పెద్దదాన్నయ్యే వస్తువు నాకూ ఒకటి కావాలనిపించేది. కరీంనగర్‌లో కాలేజీకి పోయాక ఫోన్‌లో చూశాను. ఎక్కడెక్కడో మనుషులు ఇళ్ళల్లో కూర్చుని ఫోమ్ షీట్లతో కవచాలు చేసుకుంటున్నారు. అందరూ సినిమా హీరోలవే చేస్తున్నారు. నాకు అవేవీ వద్దు, నాదే కావాలి.

ఆదిలాబాద్ అడవిలో అలుగును చూసిన సంగతి బాపు చెప్పేవాడు. చెరువు అలుగు కాదు, ఒళ్ళంతా పెంకులుండే జంతువు. కుక్కలు మీదపడితే ముడుచుకుని ఉండలా పడుకుందట. అవి కొరికీ కొరికీ పళ్ళు నొప్పిపుట్టి పోయాయట. నా కవచం మీద ఆ పెంకులు పెట్టాలనుకున్నాను, ఒకదాని మీదొకటి, భుజాల నుంచి వీపు మొత్తం.

మంచిర్యాలలో చెప్పుల సామాను అమ్మే దుకాణం నుంచి నల్ల ఫోమ్ షీట్లు, అతికించే గమ్ము తెచ్చాను. ఛాతీ భాగానికి పేపరు కోసి చూసుకుంటే ప్రతిసారీ అట్టపెట్టెలా వస్తోంది. అవ్వ కుట్టుమిషను దగ్గర నుంచి కాసేపు చూసి లేచి వచ్చింది. ఆమె కాలనీలో జాకెట్లు కుట్టేది.

“దా, సక్కగ నిలబడు. చేతులు పక్కకు వెట్టు” అంది. మెడలోని టేపు తీసి భుజాలూ, ఛాతీ, నడుమూ కొలిచింది. “గట్ల సాపుగ కోస్తె ఒంటి మీద కూసోదు బిడ్డా. ఈడ డాటు వెట్టాలె. జాకెట్‌కు వెడ్తం సూడు, గట్ల.”

“ఇది జాకెట్ కాదవ్వా, కవచం.”

“ఏదైతేంది, తొడుక్కునేది నువ్వే గద!”

ఆమె చూపించిన చోట కోణంగా చీలిక కోసి, అంచులు కలిపి డాటు పెట్టి అతికిస్తే నిజంగానే నా ఒంటి ఆకారంలో వచ్చింది. ఆ రోజు మేమిద్దరం దాన్ని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాం. తర్వాత పెంకుల పని. ఫోమ్‌ను పొయ్యి మీద సన్నమంటకు దూరంగా పట్టి వేడిచేసి, స్టీలు బిందె మీద వేసి అదిమితే వంపు తిరిగి అలాగే ఉండిపోతుంది. మంట కొంచెం దగ్గరైతే కాలి ముడుచుకుపోతుంది. ఎన్నో కాల్చేశాను. ఫోమ్ రంగును తాగేస్తుంది కాబట్టి ముందు తెల్ల గమ్ము పూతలు పూసి, ఆరాక రాగిరంగు కొట్టాను. పాత బండి హెల్మెట్ చుట్టూ ఫోమ్ కట్టి తలభాగం చేశాను. కళ్ళ దగ్గర బాపు ఛాతీ ఎక్స్‌రే ఒకటి పాతది ఉంటే కోసి పెట్టాను. అది తొడుక్కుని చూస్తే వరండా, వాకిలి, తీగ మీది బట్టలు అన్నీ బాపు పక్కటెముకల వెనక నుంచి కనిపించేవి.

కాలేజీ మొదలయ్యాక కూడా సెలవు దొరికితే చాలు, కరీంనగర్ నుంచి బస్సెక్కి వచ్చి అదే పని. దసరాకు మా కాలనీ గ్రౌండ్‌లో రావణుణ్ణి కాల్చే ముందు స్టేజి మీద వేషాల పోటీ పెడతారు. నా పేరు ఇచ్చాను. బాపు వద్దనలేదు. పైగా అద్దం ముందు ఒకసారి వేసుకుని చూపిస్తే, చుట్టూ తిరిగి వీపు మీద పెంకులు తట్టి, “మస్తున్నది” అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం నాకు చాలా గొప్ప.

దసరాకు హుజూరాబాద్ నుంచి మేనత్త వచ్చింది, ఆమె కొడుకునూ తీసుకుని. బావ అప్పుడు ఏ పనిలోనూ కుదురుగా లేడు, ఫోన్‌లో వీడియోలు పెట్టేవాడు. చిన్నప్పుడే తల్లి పోతే బాపును పెంచింది మేనత్తే. ఆమె మాటకు ఆయన ఎదురు చెప్పగా నేను చూడలేదు.

పండగ రోజు మధ్యాహ్నం, కవచం ఛాతీలో పెట్టిన చిన్న లైట్లకు బ్యాటరీలు కొందామని మంచిర్యాల పోయాను. తిరిగొచ్చేసరికి వరండాలో నా కవచం నిలబడి ఉంది. లోపల బావ. చంకల కింద రెండు పక్కలా కట్టర్‌తో చీల్చి ఉంది. అవ్వ పెట్టిన డాటు కూడా కోసేశారు. తెరుచుకున్న సందులు కలిపి పట్టుకునేలా బాపు వెనక నుంచి నల్ల టేపు చుడుతున్నాడు.

“జర టైటయితుండె మరదలా, పక్కలకు కోసిన. ఏం ఫికర్ చెయ్యకు, బయటికి కనిపియ్యది” అన్నాడు బావ.

బాపును చూశాను. ఆయన టేపు చుట్టడం ఆపలేదు.

“బాపూ, పేరిచ్చింది నేను.”

మేనత్త అందుకుంది. “ఆడివిల్లవు, అంతమంది ముంగట స్టేజి మీద గంతులేస్తవా? మీద టోపేసుకుంటె లోపల ఎవలున్నరో ఎవలకెర్క? వాడేసుకుంటె ఏంది, నువ్వేసుకుంటె ఏంది? కమిటోళ్ళకు వీని పేరు చెప్పచ్చినం.”

“ఎవలున్నా ఒకటే అయితే నేనే ఉంట గదత్తా.”

“అన్నిటికి ఎదురుమాటలు నేర్పిండ్రు కాలేజీల” అంది ఆమె, నాతో కాదు, బాపుతో.

అప్పుడు బాపు తల ఎత్తాడు. “ఇంట్ల పిలగాడే గద బిడ్డా. పండుగ పూట లొల్లి చెయ్యకు.”

వంటింట్లో అవ్వ మాకు వీపు పెట్టి గారెలు తీస్తోంది.

పోటీకి ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. గుంపులో వెనక నిలబడ్డాను. బావ స్టేజి మీద ఎగిరాడు, తిరిగాడు, పెంకులు లైట్లలో మెరిశాయి. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. పిల్లలు అరిచారు. మైకువాడు “తమ్మీ, ఎక్కడ కొన్నవు?” అని అడిగాడు. బావ హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని, “కొనుడు కాదన్నా, చేసిన. ఇంట్లనే కూసోని, సొంతంగ” అన్నాడు. ముందు వరుసలో కుర్చీలో కూర్చున్న బాపు అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. మొదటి బహుమతి బావకే ఇచ్చారు.

ఇంటికొచ్చి అవ్వ ముందు ఏడ్చాను. నువ్వెందుకు ఆపలేదని అడిగాను. ఆమె గిన్నెలు సర్దుతూనే అంది: “ఈ కాలనీల సగం మంది ఆడోళ్ళు నేను కుట్టిన జాకెట్లే ఏసుకుంటరు. ఎవలు కుట్టిండ్రని ఎవలన్న అడిగిండ్రా? నేను ఏనాడన్న ఏడ్చిన్నా?” ఓదార్చడానికే అన్నదేమో. నాకు మాత్రం చెంపదెబ్బలా తగిలింది.

కవచం హుజూరాబాద్ పోయింది. స్టేజి మీది వీడియో బావ ఫోన్ నుంచి ఊరూరా తిరిగింది. బట్టల షాపుల ఓపెనింగులకు, పుట్టినరోజులకు పిలిచేవాళ్ళు. కరీంనగర్‌లో ఒకసారి కాలేజీ నుంచి వస్తుంటే కొత్తగా తెరిచిన స్వీట్ల దుకాణం ముందు నా పెంకులు కనిపించాయి. లోపలున్నవాడు పిల్లలకు చేతులు ఊపుతున్నాడు. నా పక్కనున్న స్నేహితురాలు “ఫోటో దిగుదామా?” అంది. తలనొప్పిగా ఉందని చెప్పి రోడ్డు దాటేశాను.

కొన్నాళ్ళకు అది యూరియా సంచిలో మా ఇంటికొచ్చింది. రంగు పొరలుగా లేచిపోయింది, వీపు మీద పెంకులు సగం ఊడిపోయాయి, లోపలంతా ఎవరిదో చెమట వాసన. బావ ఫోన్ చేశాడు. “మరదలా, జల్ది రిపేర్ చేసి పంపు. అయితారం ప్రోగ్రాం ఉన్నది.”

“నువ్వే చేసినవు గద బావా. రిపేరు కూడా నువ్వే చేసుకో” అని పెట్టేశాను.

గెలిచాననుకున్నాను. మర్నాడు పొద్దున వరండాలోకి వస్తే బాపు కింద కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారిపోతుంటే, ఊడిన పెంకులకు గమ్ము రాస్తున్నాడు. తలకిందులుగా అతికిస్తున్నాడు. గమ్ము వాసనకు దగ్గు వస్తోంది, అయినా ఆపడం లేదు. అలా కాదని చెప్పబోయి నోరు మూసుకున్నాను. అదే సంచిలో మూటగట్టి, తనే బస్సెక్కి హుజూరాబాద్‌లో ఇచ్చి వచ్చాడు. నా కోసం ఆయన అలా ఏ బస్సూ ఎక్కలేదు, నేను కాలేజీలో చేరిన రోజు కూడా.

ఇప్పుడు నేను కరీంనగర్‌లోనే ఉద్యోగం చేస్తున్నాను. బావ ఆ వేషాలు ఎప్పుడో మానేశాడు. చుట్టాల పెళ్ళిళ్ళలో మాత్రం ఆ మాట వస్తూనే ఉంటుంది. “మావోడు అప్పట్ల గదేదో చేసిండు” అని ఎవరో మొదలుపెడతారు. అది నేను చేశానని ప్రతిసారీ చెబుతాను. “అవునా, నువ్వు గూడ సాయం చేసినవా?” అంటారు.

బాపు రిటైరయ్యాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఈ మధ్య ఒక ఆదివారం ఆయన పక్కన మంచం మీద కూర్చుని అడిగేశాను. “బాపూ, అది నేను చేసిందని నీకెర్కే గద. గా రోజు ఒక్క మాట ఎందుకనలే?”

ఆయన కోపం తెచ్చుకోలేదు. “వానికి ఏం చాతగాదు బిడ్డా. మా అక్కకు గదే రంది, గదే దిగులు. నీకు చాతనైతది. నీకేంది, ఇంకోటి చేసుకుంటవనుకున్న.”

నన్ను మెచ్చుకున్నాననే అనుకుని ఉంటాడు. ముఖం కూడా అలాగే పెట్టాడు, ఏదో ఇస్తున్నవాడిలా.

“చెయ్యలే బాపూ” అన్నాను. “మల్ల ఏదీ చెయ్యలే.”

ఆయన నా వైపు చూసి, “ఎందుకు?” అన్నాడు, నిజంగానే తెలియక.