వదిన పెట్టుకోని పన్ను

ఫోన్‌లో వదిన పేరు కనబడగానే బస్సెక్కి ఉంటుందనుకున్నాను. "రొట్టెలు కడక్‌గ అయినయి వదినె, డాక్టరు కాడికెళ్ళి సీదా ఇంటికే రా" అన్నాను. అవతల మగ గొంతు. మా నాందేడ్ జిల్లాలోని హిమాయత్‌నగర్ బస్టాండు నుంచి మాట్లాడుతున్నానన్నాడు. బెంచీ మీద కూర్చున్న పెద్దామె పక్కకు ఒరిగిపోయిందని, దవాఖానాకు తీసుకుపోతే ప్రాణం లేదన్నారని, ఫోన్‌లో పైన ఈ నంబరే ఉందని చెప్పాడు. నేను అతన్ని నాందేడ్ బస్సు ఎప్పుడని అడిగాను. ఎందుకడిగానో ఇప్పటికీ తెలియదు. కర్మలన్నీ ముగిశాయి. నా బుద్ధికి మాత్రం ఆ బస్సు ఇంకా రావలసే ఉంది.

వదిన అంటే మా ఆయనకు పెద్దక్క. భర్త పోయాక తెలంగాణ సరిహద్దు పక్క ఊళ్ళో తన చేను తానే చూసుకుంది. పత్తి వేసినా, సోయా వేసినా సాళ్ళ మధ్య కంది ఉండాల్సిందే. కొత్త కందులు రాగానే వేయించి, విసుర్రాయిలో పప్పు చేసి మాకు సంచి కట్టి తెచ్చేది. ఆ పప్పు ఉడుకుతుంటే పక్కింటివాళ్ళు వాసన పట్టి, మీ వదిన వచ్చిందా అని అడిగేవారు.

ఇంటి ఖర్చు ఏ రోజుది ఆ రోజు రాసుకునే నా అలవాటు ఆమెకు వేళాకోళం. షావుకారు దగ్గర లెక్కలు రాసే మునీము అన్నట్టు, మునీమమ్మ అని పిలిచేది. కానీ ఫోన్ చేస్తే మొదట అడిగేది కిరాణంలో కందిపప్పు ధరే. నేను చెప్పాక, ధాన్యం కొనే మోండాలో కందుల ధర ఆమె చెప్పేది. రెండింటి మధ్య అంత తేడా ఎవరి ఇంటికి పోతోందో మా ఇద్దరికీ అంతుపట్టేది కాదు.

ఒక ఏడు సరిగ్గా కంది కోతల వేళ, బయటి దేశాల కందులను పన్ను లేకుండా దింపుకోవచ్చని సర్కారు చెప్పినట్టు పొద్దుటి వార్తల్లో విన్నాను. వెంటనే ఫోన్ చేసి, "పన్ను తీసేసిన్రంట వదినె, ఇన్నవా?" అన్నాను.

వదిన నోట్లో దూది ఉన్న గొంతుతో, "నిన్న పొద్దుగూకంగ తీసిండు. నీకు గింత జల్ది ఎవలు చెప్పిన్రు?" అంది.

ముందు రోజే పన్ను పీకించుకుందని నాకెలా తెలుస్తుంది? విషయం విడమరిచి చెప్పేసరికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు. "నవ్వియ్యకు పిల్లా, నెత్తురు కారుతది" అని ఫోన్ పెట్టేసింది.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. మోండాలో ధర జారింది. ఖర్చుకు కావలసినన్ని కందులు అమ్మి, మిగిలినవాటికి బూడిద కలిపి దాచింది. ఈలోగా ఆమె పళ్ళు ఒకటొకటిగా కదిలి, అన్నీ తీయించాల్సి వచ్చింది. నాందేడ్ వస్తే కట్టుడు పళ్ళు పెట్టిస్తానని మా ఆయన ఎన్నిసార్లు పిలిచినా ఒకటే జవాబు: "ఆళ్ళు పన్ను పెట్టిన్నాడే నేను పెట్టుకుంట." డబ్బు మేమిస్తామంటే, తమ్ముడు పెట్టించిన పళ్ళతో మరదల్ని ఎట్లా కొరకాలని నన్ను చూసి కన్ను గీటేది.

హాస్యానికి అంటోందనుకున్నాం. పన్ను లేని గడువును మాత్రం పొడిగిస్తూనే పోయారు. గట్టి జొన్నరొట్టెను పటపట కొరికి తినడం ఇష్టమైన మనిషి, దాన్ని తుంచి పప్పులో నానేసి, మెత్తబడేదాకా కంచం ముందు కూర్చునేది. పెళ్ళిళ్ళలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. తర్వాత పెళ్ళిళ్ళకు రావడమే తగ్గించింది.

ఆమె కోపం చూసి మా ఆయన ఒకసారి, బయటి సరుకు మొత్తం ఆపెయ్యాలి అన్నారు. వదిన చేటతో కందులు చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"గట్లెట్ల ఆపుతరురా? పండని ఏడు నీ పెండ్లాం దేంతోని ఒండాలె? ఇంటికి తలుపన్నంక తెరుసుడుంటది, మూసుడుంటది. మా కందులు మోండల వడ్డ నాడే తెరుస్తున్రు. గదే నా కొట్లాట."

నాకు పప్పు చవకగా దొరికిన నెలలే ఆమె రొట్టె నానేసుకున్న నెలలు. ధర లేదని ఆమె ఊళ్ళో చాలామంది కంది మాని మొత్తం సోయా వేశారు. మరుసటి ఏడు పప్పుకు కొరత వచ్చి నాందేడ్ కిరాణంలోనూ ధర ఎక్కింది. కొరత ఉందని మళ్ళీ బయటి కందుల ఓడలు. వంటింటికి ఊరట అనుకున్నది చేను ఖాళీ చేసి, ఏడాది తిరిగేసరికి కొరతై వంటింటికే వస్తుందని మా ఇద్దరి ఫోన్ మాటల్లోనే నాకు అర్థమైంది. ఆమె మాత్రం కంది మానలేదు. మానితే నాకేం తెస్తావని అడిగితే, అందుకే మానలేదంది.

ఈ ఏడు తానే ఫోన్ చేసింది. "ఆళ్ళు పెట్టేటట్టు లేరు మునీమమ్మా. నేనే పెట్టుకుంట." దాచిన కందులు వచ్చిన ధరకు అమ్మేసి, నాందేడ్ వచ్చి కొలతలు ఇచ్చి వెళ్ళింది. పళ్ళు పెట్టే రోజుకు ఏం వండాలో కూడా చెప్పింది: "కడక్ రొట్టె చెయ్యి. నానేసుడు బందు. నేను కొరికితే మీ గల్లీ అంత ఇనవడాలె."

నువ్వులు అద్ది పలచగా రొట్టెలు చేసి, ఎండబెట్టి, డబ్బాలో పేర్చి ఉంచాను. బస్టాండు నుంచి ఫోన్ వచ్చిన ఆ సాయంత్రమే పళ్ళ డాక్టరు దగ్గరి అమ్మాయి ఫోన్ చేసి, సెట్టు తయారుగా ఉంది, మీ వదిన ఎందుకు రాలేదని అడిగింది.

బస్టాండులో ఆమె ఒళ్ళో ఉన్న సంచి మా ఇంటికి చేరింది. కొత్త కందిపప్పు. నిన్న మొదటిసారి అందులోంచి తీసి వండాను. వదినతో పాటు నానేసుకున్న ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ డబ్బాలోని కడక్ రొట్టె తుంచి పప్పులో వేయబోయి, ఆగి, కొరికాను. ఆ చప్పుడుకు మా ఆయన ముద్ద నోటిదాకా తెచ్చినవారు, చేయి అట్లాగే ఆపి గుమ్మం వైపు చూశారు.