అవ్వ సరిదిద్దిన పాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే గట్టిగా వినిపించే గొంతు మా అవ్వది. బంగారు గనుల ఊరు ఆండర్సన్‌పేటలో మా వరుస ఇళ్ల గోడలు పలచన. ఆమె కోడిని అదిలిస్తే నాలుగిళ్ల అవతలికి వినబడేది. మా తాతయ్య గనిలో పనికి కుదిరినప్పుడు చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి, చుట్టూ అరవం మాట్లాడేవాళ్ల మధ్య తన తెలుగుతోనే నెగ్గుకొచ్చిన మనిషి.

అలాంటి అవ్వకు ఒక ఉదయం కుడిచెయ్యి పడిపోయింది, నోట మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక అన్నీ అర్థమయ్యేవి కానీ, ఏం చెప్పబోయినా "తా... తా..." అనే వచ్చేది. డాక్టరుగారు ఓపిక పట్టమన్నారు. మేమేమో నీళ్లు కావాలా, దుప్పటి కావాలా అని అందరం ఒకేసారి మీదపడి అడిగేవాళ్లం. ఆమెకు కోపం, వెంటనే ఏడుపు. కొన్నాళ్లకు గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. ముద్ద పెట్టినా నోరు తెరిచేది కాదు. ఇంక అవ్వ మనకు దక్కదేమోనని అమ్మ వంటింట్లో కుమిలిపోయేది.

మా పక్కింటికి బూదికోట అనే పల్లె నుంచి కోడలిగా వచ్చిన అక్క ఉండేది. ఒక మధ్యాహ్నం చేటలో రాగులు తెచ్చుకుని అవ్వ మంచం పక్కనే కూర్చుంది. ఏమీ అడగలేదు. రాళ్లు ఏరుకుంటూ, అవ్వ విసుర్రాయి తిప్పుతూ ఎప్పుడూ పాడే పాట ఎత్తుకుంది.

"వడ్లు విసరంగా రాయి పాడింది..."

నేను పకపకా నవ్వి, తప్పని చెప్పబోయాను. అక్క కళ్లతోనే నన్ను ఆపి, మళ్లీ అలాగే పాడింది. అవ్వ భుజం కదిలింది. విసుగ్గా ఇటు తిరిగి, బొంగురు గొంతుతో, రాగం తప్పకుండా అందుకుంది.

"రాగులు విసరంగా రాయి పాడింది, రాయి పాట వింటా పాప నిదరోయె..."

అమ్మ చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "అత్తా, మాట వచ్చినాదే నీకు!"

అవ్వ బదులు చెప్పబోయింది. మళ్లీ "తా... తా..." అనే వచ్చింది. అమ్మ ముఖం వాడిపోయింది.

"తొందరపడొద్దమ్మా," అంది అక్క. "మాట యాడికీ పోలేదు, లోపలే ఉండాది. ఇంగ రోజూ పాడిస్తాం."

ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్నీ పాటలోనే. అన్నం తింటావా అని మేం రాగం తీసి అడిగితే, అవ్వ అదే రాగంలో "నీళ్లు" అంది ఒకరోజు. అందరం చప్పట్లు కొట్టాం. మాట పూర్తిగా తిరిగి రాలేదు. కానీ అవ్వ గోడవైపు తిరగడం మానేసింది, కడుపునిండా తిన్నది, పోయేదాకా మమ్మల్ని రాగాలు తీస్తూనే తిట్టింది. పాడితే పలుకుతుందని ఎలా తెలుసని అక్కను అడిగితే, "నాకేం తెలుసు పాపా! పాట తప్పు పాడితే అవ్వ ఊరుకోదని తెలుసు, అంతే," అని నవ్వింది.

ఇప్పుడు నాకూ అవ్వ వయసు వచ్చింది. జబ్బుపడినవాళ్లను చూడటానికి వెళితే, ఎలా ఉందని ముందుగా అడగను. పక్కన కూర్చుని, వాళ్లకు తెలిసిన పాటేదో సన్నగా అందుకుంటాను. ఒక్కోసారి ఏ బదులూ రాదు. ఒక్కోసారి మాత్రం, కళ్లు మూసుకుని పడుకున్న మనిషి పెదవులు మెల్లగా కదులుతాయి. అప్పుడు నేను గొంతు తగ్గించి, వాళ్లను పాడనిస్తాను.