పండ్ల కొమ్మ

డెబ్బైల చివర్లో, రాతికొండల మీద మాత్రమే బతికే పసుపు గొంతు పికిలిపిట్టను చూడాలని మెడలో బైనాక్యులర్లతో హార్సిలీ కొండపై మూడు రోజులు తిరిగాను. ఒక్కటీ కనిపించలేదు. సెలవు ముగిసి, మదనపల్లె బస్సు కోసం నిలబడ్డాను. పక్కన జువ్విచెట్టు ఆకుకొమ్మల మోపుతో ఒక అవ్వ కూర్చుని ఉంది.

"మెడకు ఆ గొట్టాలేసుకొని కొండంతా తిరగతా ఉండావే, ఏం పోగొట్టుకున్నావు నాయనా?"

"పసుపు గొంతు పిట్ట కోసం అవ్వా."

ఆమె నవ్వింది. అంత మోపులో ఒక్క జువ్విపండూ లేకపోవడం గమనించి కారణమడిగాను.

"మేకలకు ఆకు సాలు. పండ్ల కొమ్మ మేం కొట్టం. పిట్టలు తినల్ల గదా! నీ పిట్టా ఆడికే వస్తాది. ఆ మలుపు కింద, బండల కాడ జువ్విమాను ఉండాది, సూడు."

బస్సు వచ్చింది. అది తప్పితే మరునాడు ఉద్యోగానికి చేరుకోలేను. ఆమె మోపుతో ఎక్కింది, నేను ఎక్కలేదు.

ఇరవై నిమిషాల తరువాత, పన్నెండడుగుల దూరంలో, రెండు పికిలిపిట్టలు ఆ చెట్టు పండ్లు తింటూ కనిపించాయి. నోటుపుస్తకంలో సమయం, ఎత్తు, దూరం నమోదు చేశాను. చివరి గడిలో ఎప్పుడూ గాలి, వెలుతురు సంగతులు రాసేవాణ్ణి. ఆ రోజు మాత్రం, "పండ్ల కొమ్మ కొట్టలేదు" అని రాశాను.