నవల కుర్చీ

హైటెక్ సిటీలో నాకు కొత్తగా ఉద్యోగం దొరికిన రోజుల్లో, మా ఊరు కనకమామిడిలో మా ఇంటి వెనక గదిలో ఒక రచయిత కిరాయికి ఉండేవాడు. వరండాలో ఆయనకు మూడు కుర్చీలు. ఒకటి నవలది, ఒకటి టీవీ సీరియల్‌ది, ఒకటి రేడియో నాటకానిది. ఒక కుర్చీలో రాస్తున్నది సాగకపోతే లేచి పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఎవరొచ్చినా నిలబడాల్సిందే.

"మూడు కుర్చీలున్నా కూసోమనడు, ఏం మనిషో!" అని మా అవ్వ గొణిగేది. మెల్లగా జనం రావడం మానేశారు. నేనూ బైక్ మీంచే చెయ్యి ఊపి వెళ్లిపోయేవాణ్ణి.

ఒక ఆదివారం ఆయనే పిలిచి, తువ్వాలతో నవల కుర్చీ తుడిచాడు.

"మరి నవల?" అన్నాను.

"నవల ఆగుతది తమ్మీ. నువ్వు జర కూసో."

కూర్చున్నాను. ఆయన సీరియల్ కుర్చీని నా దగ్గరకు జరుపుకున్నాడు. రాసే కాగితాలు మాత్రం చేతిలోకి తీసుకోలేదు.